మార్కనెన్‌కు ఇప్పుడు ఎంత పలుకుతుంది? జాజ్ అమ్మాలా, ఉంచుకోవాలా?

జాజ్ రాజు (లీహై, యూటా)
10 జులై 2025, రాత్రి 10:15

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్)లో మా యూటా జాజ్ జట్టు ఇల్లు రెండు వారాల్లో ఖాళీ అయిపోయింది. సెక్స్‌టన్ షార్లెట్‌కు వెళ్లాడు, జాన్ కాలిన్స్ క్లిప్పర్స్‌కు వెళ్లాడు, క్లార్క్‌సన్ కాంట్రాక్టు తెంచుకుని న్యూయార్క్‌లో తేలాడు. నూర్కిచ్, కెవిన్ లవ్ వచ్చారు గానీ వాళ్లు జీతాల లెక్క సరిపోవడానికి వచ్చినవాళ్లు. జట్టులో పెద్ద తలకాయ అంటూ మిగిలింది లారీ మార్కనెన్ ఒక్కడే.

గత సీజన్ 17 గెలుపులు, 65 ఓటములు. ఫ్రాంచైజీ చరిత్రలో ఇంత చెత్త రికార్డు లేదు. అంత ఓడినా, కొత్త కుర్రాళ్లను ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో ఐదో పిక్‌కు జారాం. మొదటి పిక్‌కు 1.8 శాతం ఛాన్సు ఉన్న డల్లాస్ కూపర్ ఫ్లాగ్‌ను ఎగరేసుకుపోయింది. మాకు ఏస్ బెయిలీ వచ్చాడు. బాగానే ఉన్నాడు, కాదనను.

ఇక అసలు విషయం. మార్కనెన్‌కు 28 ఏళ్లు. సగటు స్కోరు మూడేళ్లలో 25.6, 23.2, 19.0. గత సీజన్ ఆడినవి 47 మ్యాచ్‌లు. కాంట్రాక్టు 2029 వేసవి దాకా ఉంది. ఇప్పుడు అమ్మితే ఏమొస్తుంది? అసలు అమ్మాలా? అభిమానిగా నా మాట ముందే చెప్పేస్తున్నా, అమ్మొద్దు. కానీ లెక్కలు తెలిసినవాళ్లు మాట్లాడండి, వింటాను.

---

గుంటూరు గన్నర్
11 జులై, ఉదయం 11:02

రాజన్నా, మామిడి తోట గుత్తకు ఇచ్చేవాడు పూత మీద ఇస్తాడు. కాయ రాలాక వచ్చి బేరం ఎవడు చేస్తాడు? మార్కనెన్ పూత మీద ఉన్నది 2024 వేసవిలో. అప్పుడు ఆల్‌స్టార్ (ఏటా మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపికైనవాడు) అనే పేరు తాజాగా ఉంది, జీతం 18 మిలియన్ డాలర్లే, గోల్డెన్ స్టేట్ వాళ్లు గుమ్మం ముందు కూర్చున్నారు. తమ కుర్రాడు పొజెంస్కీని ఇవ్వం అని వాళ్లు, ఇవ్వకపోతే లేదు అని మీ జట్టు పెద్ద డానీ ఏంజ్. బేరం తెగింది. ఇప్పుడు అదే మనిషి, జీతం 46 మిలియన్లు పైచిలుకు.

ఇంకా ఎదురుచూస్తే తోటలో కట్టెలే మిగులుతాయి. వచ్చినదానికి ఇచ్చెయ్యండి.

---

లెక్కల మాస్టారు
11 జులై, మధ్యాహ్నం 1:40

గన్నర్ చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం తేదీల్లో ఉంది.

మార్కనెన్ కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది 2024 ఆగస్టు 7న. 6వ తేదీనే పెట్టే వీలుంది. ఒక రోజు ఎందుకు ఆగారు? ఇలా జీతం పెంచి పొడిగించిన కాంట్రాక్టు మీద ఆరు నెలలు ట్రేడ్ చేయకూడదు, అంటే వేరే జట్టుకు మార్చకూడదు. 6న పెట్టి ఉంటే 2025 ఫిబ్రవరి 6న, అంటే సరిగ్గా ట్రేడ్ గడువు రోజున అమ్మకానికి దొరికేవాడు. 7న పెట్టడంతో ఆ సీజనంతా అతన్ని ఎవరూ కదపలేని పరిస్థితి. అతనికి ఇల్లు కదలని నిశ్చింత, వీళ్లకు ఆటగాడి మీద నాలుగేళ్ల హక్కు. ఇద్దరూ తెలిసి చేసిన పని అది.

ధర సంగతి. జూన్‌లో డెస్మండ్ బేన్‌ను మెంఫిస్ అమ్మింది. ఒర్లాండో ఇచ్చింది నాలుగు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక స్వాప్ (పిక్‌లు తారుమారు చేసుకునే హక్కు), పైన కాల్డ్‌వెల్-పోప్, కోల్ ఆంథొనీ. బేన్ సగటు 19 చిల్లర, మార్కనెన్ సగటు 19. బేన్ ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాదు. ఆ మాటకొస్తే నిరుడు మికల్ బ్రిడ్జెస్ కోసం న్యూయార్క్ ఐదు మొదటి రౌండ్ పిక్‌లు పోసింది, అతనూ ఆల్‌స్టార్ కాదు. కాబట్టి "వచ్చినదానికి" అనే మాట నేను ఒప్పుకోను.

---

గుంటూరు గన్నర్
11 జులై, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, బేన్ జీతం దాదాపు పది మిలియన్లు తక్కువ. ఆ ముక్క ఎందుకు వదిలేశారు?

---

లెక్కల మాస్టారు
11 జులై, మధ్యాహ్నం 2:31

వదిలెయ్యలేదు, దానికే వస్తున్నా. కొంచెం ఓపిక పట్టు.

2025-26కు శాలరీ క్యాప్, అంటే జట్టు మొత్తం జీతాల పరిమితి, 154.6 మిలియన్లు. మార్కనెన్ ఒక్కడే అందులో 30 శాతం. పాత రోజుల్లో ఇది పెద్ద సమస్య కాదు, ఓనరు దగ్గర డబ్బుంటే టాక్స్ కట్టి తెచ్చుకునేవాడు. ఇప్పుడు క్యాప్ పైన రెండు ఏప్రన్లు, అంటే జీతాల గీతలు, పెట్టారు. మొదటిది 195.9, రెండోది 207.8. మొదటిది దాటిన జట్టు పంపిన జీతం కంటే ఒక్క రూపాయి ఎక్కువ జీతం తెచ్చుకోకూడదు. రెండోది దాటితే ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద జీతగాణ్ణి తెచ్చుకోవడం కూడా కుదరదు. 46 మిలియన్ల మనిషి కావాలంటే 46 మిలియన్ల మనిషినే ఇవ్వాలి. అలాంటివాడు ఇంట్లో ఉన్నవాడికి మార్కనెన్ ఎందుకు?

అంటే కొనాలని ఆశ ఉన్న పెద్ద జట్లకు చేతులు కట్టేశారు. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు నాకు ఇద్దరే కనిపిస్తున్నారు. శాన్ ఆంటోనియో, డెట్రాయిట్.

---

కొత్తగా చూస్తున్నా (కరీంనగర్)
11 జులై, సాయంత్రం 6:18

అన్నా, ఒక డౌట్. నవ్వకండి. ఐపీఎల్‌లో వేలం ఉంటుంది, ఎవరికి ఎన్ని కోట్లో టీవీలో కనిపిస్తుంది. హార్దిక్ గుజరాత్ నుంచి ముంబైకి వెళ్లినప్పుడు డబ్బు ఇచ్చారు. ఇక్కడ డబ్బు ఇచ్చి కొనుక్కోవచ్చు కదా, ఈ పిక్‌ల గోల ఎందుకు?

ఇంకొకటి, కావాలని ఓడిపోతారా నిజంగా?

---

లెక్కల మాస్టారు
11 జులై, సాయంత్రం 6:50

నవ్వడానికేముంది తమ్ముడూ. ఇక్కడ ట్రేడ్‌లో నగదు ఇవ్వొచ్చు, కానీ సీజన్‌కు ఇంత అని చిన్న పరిమితి ఉంది. కాబట్టి అసలు కరెన్సీ డ్రాఫ్ట్ పిక్‌లే. కుర్రాళ్లు లీగ్‌లోకి వచ్చేటప్పుడు వరసలో ఎవరు ముందు ఎంచుకోవాలి అనే హక్కు అది. వరసగా రెండేళ్ల మొదటి రౌండ్ పిక్‌లు లేకుండా చేసుకోకూడదని రూలు ఉంది, అందుకే 2027, 2029, 2031 అని ఏడాది విడిచి ఏడాది అమ్ముకుంటారు.

ఓడటం గురించి. అట్టడుగు మూడు జట్లకు మొదటి పిక్ వచ్చే అవకాశం తలా 14 శాతం. అందుకే ఓటమికి విలువ. యూటాకు వచ్చే ఏడాది ఇంకో మెలిక ఉంది. ఎప్పుడో డెరిక్ ఫేవర్స్ జీతం వదిలించుకోవడానికి ఓక్లహామాకు ఒక పిక్ రాసిచ్చారు. 2026లో యూటా పిక్ మొదటి ఎనిమిదిలో ఉంటే వాళ్లదే. తొమ్మిది, ఆ తర్వాతకు వెళితే ఓక్లహామాకు పోతుంది. మొదటి ఎనిమిదిలో ఉండిపోతే బాకీ అక్కడితో రద్దు.

ఇప్పుడు ఆలోచించు. మార్కనెన్ పూర్తి ఆరోగ్యంతో 75 మ్యాచ్‌లు ఆడి జట్టును 30 గెలిపించాడనుకో. అది యూటాకు లాభమా, నష్టమా?

---

జాజ్ రాజు
11 జులై, రాత్రి 9:30

ఈ ప్రశ్నే నాకు మంట. మార్చిలో లీగ్ జాజ్‌కు లక్ష డాలర్ల జరిమానా వేసింది, ఆడగలిగే మార్కనెన్‌ను కూర్చోబెట్టారని. ఆడితే ధర పెరుగుతుంది, పిక్ పోతుంది. ఆడకపోతే పిక్ మిగులుతుంది, ధర పడిపోతుంది. మొదటి పోస్టులో నేను రాసిన 19.0 చూసి గన్నర్ కాయ రాలిందంటున్నాడు. రాలలేదు బాబూ, చెట్టుకు నీళ్లు ఆపేశారు.

---

అమ్ము త్రీపాయింటర్ (కర్నూలు)
12 జులై, ఉదయం 8:12

రాజన్న చివరి వాక్యానికి నా ఓటు. మీరంతా పిక్‌లు లెక్కపెడుతున్నారు, అతని షాట్ సంగతి ఎవరూ ఎత్తట్లేదు.

ఒక్క కదలిక చెబుతా. బేస్‌లైన్ (బుట్ట వెనక చివరి గీత) దగ్గర మూలలో నిలబడి ఉంటాడు. తోటి పొడగరి వచ్చి అడ్డుగా నిలబడగానే అతని భుజం రాసుకుంటూ పైకి పరుగెత్తుకొస్తాడు. బంతి వచ్చేటప్పటికి పాదాలు అప్పుడే బుట్ట వైపు తిరిగి ఉంటాయి. చాలామంది ఏడడుగుల వాళ్లు బంతి అందుకోగానే నడుము దాకా దించుతారు, అక్కడ చిన్న గార్డు (బంతి నడిపించే ఆటగాడు) చెయ్యి పెట్టి లాగేస్తాడు. ఇతను దించడు. ఛాతీ దగ్గర పట్టిందాన్ని అక్కడి నుంచే పైకి లేపేస్తాడు. ఆ ఎత్తు నుంచి వదిలితే అడ్డుకునేవాడెవడు? మా కోచ్ సారు మాకు ఆర్నెల్లు నేర్పిన పని అది, అయినా నాకు ఇప్పటికీ బంతి దిగుతుంది.

ఇక్కడ కీలకం ఏంటంటే, ఈ షాట్‌కు బంతి సరైన క్షణంలో రావాలి. 2022-23లో ఆ బంతి ఇచ్చింది మైక్ కాన్లీ. అప్పుడు మూడు పాయింట్ల షాట్లు 39 శాతం పడ్డాయి. 2023 ఫిబ్రవరిలో కాన్లీని మిన్నెసోటాకు పంపేశారు. ఆ తర్వాత బంతి ఇస్తున్నది నేర్చుకుంటున్న పిల్లలు. కీయోంటే జార్జ్, కోలియర్ మంచి కుర్రాళ్లే, కానీ అర సెకను ఆలస్యం. ఆ అర సెకనే గత సీజన్ 35 శాతానికి లోపు.

కొనేవాడికి ఇది తెలుసు. మంచి గార్డు ఉన్న జట్టు 19 చూసి ధర కట్టదు, 25.6 చూసి కడుతుంది.

---

గుంటూరు గన్నర్
12 జులై, ఉదయం 9:44

అక్కా, షాట్ సంగతిలో మీకు ఎదురు చెప్పను. కానీ 66, 55, 47. మూడేళ్లలో ఆడిన మ్యాచ్‌లివి. దీనికి కూడా కాన్లీ కావాలా?

---

అమ్ము త్రీపాయింటర్
12 జులై, ఉదయం 9:58

ఆ 47లో ఎన్ని నిజం నొప్పి, ఎన్ని లీగ్‌కు చెప్పుకోవడానికి పెట్టిన నొప్పి? జరిమానా ఊరికే పడలేదుగా.

---

విశాఖ విజిల్
12 జులై, ఉదయం 10:20

అమ్మకపోతే ఏమవుతుందో శాక్రమెంటోను అడగండి. మన భారతీయుడు వివేక్ రణదివే ఓనరు. డిమార్కస్ కజిన్స్ అంటే అప్పుడు లీగ్‌లో మొదటి వరస సెంటర్. ఇంటా బయటా మమ్మల్ని వదిలి పోడు, మేమూ వదలం అని చెప్పి, 2017 ఆల్‌స్టార్ ఆట రాత్రి న్యూ ఆర్లియన్స్‌కు ఇచ్చేశారు. వచ్చింది బడీ హీల్డ్, టైరీక్ ఎవాన్స్, గాలోవే, ఒక మొదటి రౌండ్ పిక్, ఒక రెండో రౌండ్ పిక్. మర్నాడు జట్టు జనరల్ మేనేజర్ వ్లాదే దివాచ్ విలేకరులతో రెండు రోజుల ముందు ఇంతకంటే మంచి బేరం ఉండేదని తనే చెప్పేశాడు! ప్రపంచంలో ఏ వ్యాపారీ అలా చెప్పుకోడు.

అయితే మొత్తం కథ చూడండి. ఏడాది తిరక్కుండా కజిన్స్ కాలి మడమ వెనక నరం (అకిలీస్ టెండన్) తెగింది, మళ్లీ ఆ మనిషి కాలేదు. తక్కువకు అమ్మినా సరైన సమయంలో అమ్మినట్టే లెక్క. శాక్రమెంటో మాత్రం ప్లేఆఫ్స్ చూడ్డానికి 2023 దాకా ఆగింది. ఈ కథ గన్నర్‌కు సాక్ష్యమో, రాజుకు సాక్ష్యమో నాకే అర్థం కాలేదు.

---

డల్లాస్ బాబాయి
12 జులై, రాత్రి 11:05

నరాలు తెగడం గురించి మాట్లాడుతున్నారా? ఈ ఒక్క ప్లేఆఫ్స్‌లోనే లిలార్డ్, టేటమ్, హాలిబర్టన్. ముగ్గురికీ అదే నరం. లిలార్డ్‌ను మిల్వాకీ ఈ నెల్లోనే వదిలేసింది, మిగిలిన డబ్బు ఐదేళ్ల పాటు కట్టుకుంటూ.

ధర సంగతి నా దగ్గర మాట్లాడొద్దు. మా మేనేజర్ లూకా డాన్చిచ్‌ను అమ్మిన తీరు ఇంకా గొంతులోనే ఉంది. ఇరవై ఐదేళ్ల కుర్రాడు, అంతకు ముందు ఏడే ఫైనల్స్‌కు తీసుకెళ్లినవాడు. బజారుకు తీసుకెళ్లకుండా ఒక్క లేకర్స్‌తోనే మాట్లాడి, ఆంథొనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, ఒకే ఒక్క మొదటి రౌండ్ పిక్. బర్రెను అమ్మేవాడు కూడా సంతలో నాలుగు చేతులు మారనిస్తాడు.

అందుకే చెబుతున్నా రాజూ, అమ్మినా అమ్మకపోయినా నలుగురిని పిలవండి.

---

జాజ్ రాజు
12 జులై, రాత్రి 11:20

బాబాయ్, మీకు ఫ్లాగ్ వచ్చాడు. మీరు ఏడవకూడదు. ఏడ్చే హక్కు మాది.

---

డల్లాస్ బాబాయి
12 జులై, రాత్రి 11:24

అదీ నిజమేలే 🙂

---

లెక్కల మాస్టారు
13 జులై, ఉదయం 7:45

సరే, నలుగురిని పిలుద్దాం.

శాన్ ఆంటోనియో: డెవిన్ వాసెల్ దాదాపు 27, హారిసన్ బార్న్స్ 19. రెండూ కలిపితే 46, కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. పైన 2027 అట్లాంటా పిక్, వాళ్ల సొంతానివి ఒకటో రెండో. వెంబన్యామా పక్కన మార్కనెన్ అంటే ఇద్దరు ఏడడుగుల షూటర్లు, ఊహించుకుంటేనే ఎదుటి కోచ్‌కు నిద్ర పట్టదు.

డెట్రాయిట్: టోబయాస్ హారిస్ 26 చిల్లర, ఇదే చివరి ఏడు. పైన ఇంకొకరిద్దరి జీతాలు, రెండు మూడు పిక్‌లు. వీళ్లు రెండేళ్ల కిందట 14 గెలిచి 68 ఓడారు, వరసగా 28 ఓడి పరువు పోగొట్టుకున్నారు. ఈ ఏడు 44 గెలిచారు. కేడ్ కన్నింగ్‌హామ్ పక్కన ఒక షూటర్ కావాలి. అమ్ము గారు చెప్పిన సరైన క్షణంలో బంతి ఇచ్చే మనిషి అతనే.

నా ధర: షరతులు లేని మొదటి రౌండ్ పిక్‌లు రెండు, ఒక స్వాప్, ఆడగలిగే కుర్రాడు ఒకడు. బేన్ ధర రాదు. ఆ పది మిలియన్ల తేడా, ఆ 47 మ్యాచ్‌లు ఒక పిక్‌ను మింగేస్తాయి. గన్నర్, ఇందులో నీ మాట గెలిచింది, రాసుకో.

---

జాజ్ రాజు
13 జులై, ఉదయం 8:30

మాస్టారూ, పిక్‌లు ఏం చేసుకోను? గోబేర్‌ను అమ్మి నాలుగు పిక్‌లు, మిచెల్‌ను అమ్మి మూడు తెచ్చుకున్నాం. ఆ పైన 2031 ఫీనిక్స్‌ది కూడా ఉంది. ఇన్నేళ్లలో డ్రాఫ్ట్‌లో తీసుకున్న పిల్లల్లో ఒక్కడూ ఇంకా ఆల్‌స్టార్ దరిదాపుల్లో లేడు. ఆ రెండు ట్రేడ్‌ల నుంచి వచ్చినవాళ్లలో ఆల్‌స్టార్ అయింది ఎవరు? మార్కనెన్. మిచెల్ ట్రేడ్‌లో పిక్‌ల పక్కన కొసరుగా వచ్చినవాడు. షికాగో వద్దనుకుంది, క్లీవ్‌లాండ్ వదులుకుంది. కొసరుగా వచ్చినవాడు అసలైపోతే, ఆ అసలును అమ్మి మళ్లీ కొసర్లు తెచ్చుకోమంటారా?

---

లెక్కల మాస్టారు
13 జులై, ఉదయం 8:52

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం అంటాను. డానీ ఏంజ్ బోస్టన్‌లో గార్నెట్, పియర్స్‌ను బ్రూక్లిన్‌కు అమ్మి తెచ్చుకున్న పిక్‌ల దారిలోనే జేలెన్ బ్రౌన్, టేటమ్ వచ్చారు. ఆయన బుర్రలో ఆ ఒక్క బేరం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు జాజ్ కుర్చీలో ఆయన కొడుకు ఆస్టిన్ కూర్చున్నాడు.

---

గుంటూరు గన్నర్
13 జులై, ఉదయం 9:15

తండ్రికి తగ్గ కొడుకైతే అమ్మేస్తాడు. రాజన్న సెంటిమెంట్‌కు జట్టు నడవదు. ఇలాంటి అభిమానుల వల్లే జట్లు పదేళ్లు బురదలో ఉంటాయి.

---

మోడరేటర్
13 జులై, ఉదయం 9:40

గన్నర్, ఆటగాడి గురించి మాట్లాడు, అభిమాని గురించి వద్దు. ఇంకో రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకు తెలుసు.

---

కొత్తగా చూస్తున్నా
7 సెప్టెంబర్ 2025, ఉదయం 6:35

పాత చర్చను లేపుతున్నా, క్షమించాలి. ఎవరైనా చూశారా? మార్కనెన్ దేశం ఫిన్లాండ్ సెర్బియాను కొట్టింది! యూరోబాస్కెట్‌లో! 92-86! యోకిచ్ ఉన్న సెర్బియాను! మార్కనెన్ 29!

---

అమ్ము త్రీపాయింటర్
7 సెప్టెంబర్, ఉదయం 7:10

రాత్రంతా నిద్ర లేదు. అంతకు ముందు గ్రేట్ బ్రిటన్ మీద 43 కొట్టినప్పుడు చిన్న జట్టు కదా అనుకున్నా. నిన్న మాత్రం మీద పడి ఆడాడు. బేస్‌లైన్ నుంచి పైకి వచ్చే ఆ పరుగు ఎన్నిసార్లు వేశాడో చూడండి. పాదాలు, ఛాతీ దగ్గర బంతి, అంతే.

---

గుంటూరు గన్నర్
7 సెప్టెంబర్, ఉదయం 8:02

సెర్బియా ఆటగాడు బొగ్దానొవిచ్ గాయంతో వెళ్లిపోయాడు, అది మర్చిపోకండి. పైగా అక్కడ మూడు పాయింట్ల గీత 6.75 మీటర్లు. ఎన్‌బీఏలో 7.24. అరమీటరు దగ్గర నుంచి ఎవడైనా వేస్తాడు.

...సరే, ఎవడూ వెయ్యడు. బాగా ఆడాడు. ఇప్పుడు అమ్మండి! మళ్లీ పూత వచ్చింది.

---

లెక్కల మాస్టారు
7 సెప్టెంబర్, ఉదయం 8:30

నా జులై ధర మీద ఇంకో పిక్ వేసుకోవచ్చు. ఒంట్లో నొప్పి లేదని లీగ్ మొత్తానికీ తెలిసిపోయింది. అయితే చిక్కల్లా ఇదే, అక్టోబర్‌లో అతన్ని ఏ కారణం చెప్పి కూర్చోబెడతారు?

---

జాజ్ రాజు
7 సెప్టెంబర్, రాత్రి 8:48

మావాడు పొద్దున్నుంచి 23 నంబరు జెర్సీ కావాలని గొడవ. జాజ్‌ది కొందామంటే గన్నర్ మాటలు గుర్తొచ్చి భయమేసింది, ఫిబ్రవరికి పాతదైపోతుందేమో. ఫిన్లాండ్‌ది ఆర్డర్ పెట్టాను. అక్కడా 23నే. ఆ జట్టు నుంచి ఎవడూ ట్రేడ్ చెయ్యలేడు.

---

డల్లాస్ బాబాయి
7 సెప్టెంబర్, రాత్రి 9:01

తెలివైన పని. నా బీరువాలో లూకా 77 నంబరు డల్లాస్ జెర్సీలు మూడున్నాయి, కావాలంటే మీవాడికి పంపిస్తా. సైజు చెప్పు.

---

జాజ్ రాజు
7 సెప్టెంబర్, రాత్రి 9:06

పిల్లల మీడియం. ఒకటి చాలు బాబాయ్.